60 లైన్లు 6 అయ్యాయంటే, మిగతా 54 ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: అన్నా, నాది తిరుపతి. చిత్తూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని, రోజూ బస్సులో వెళ్లొస్తాను. పాల కేంద్రాల నుంచి వచ్చే లెక్కలు (రైతు కోడ్, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం) తీసుకుని పదిహేను రోజులకోసారి రైతులకు బిల్లు వేసే ప్రోగ్రామ్ మాది. 12 ఏళ్లుగా జావా తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. రైతువారీ మొత్తాలు తీసే కోడ్ నేను 60 లైన్లలో రాశాను. పోయిన నెల కొత్తగా చేరిన అబ్బాయి దాన్నే పైథాన్‌లో 6 లైన్లలో రాసి అందరి ముందూ చూపించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ ఊరికే టైప్ చేస్తూ కూర్చున్నానా? 37 ఏళ్ల వయసులో పొట్టిగా రాసే భాష ఏదైనా నేర్చుకోవాలా? నేర్చుకుంటే ఏది? అసలు ఏఐ ఉండగా ఈ తంటా ఎందుకు?

జవాబు: నేర్చుకోండి. అయితే ఆ 6 లైన్లు చూసి కాదు, వేరే కారణం ఉంది, దానికి వస్తాను. ముందు ఆ నవ్వు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీకు నిద్ర పట్టనిది దాని వల్ల, పైథాన్ వల్ల కాదు.

రేపు ఆఫీసుకి వెళ్లగానే మీ 60 లైన్లూ ప్రింట్ తీయండి. ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో లైన్ పక్కన ‘పాలు’ అనో ‘జావా’ అనో రాయండి. ఆ లైన్ పాల లెక్క గురించి ఏదైనా చెప్తోందా, లేక జావా అడిగింది కాబట్టి రాశారా, అంతే చూడాల్సింది. మ్యాప్ (ఒక్కో కోడ్ ఎదురుగా దాని మొత్తం ఉంచే పట్టిక) తయారు చేయడం, ఆ రైతు కోడ్ మ్యాప్‌లో ఉందా అని చూడటం, లేకపోతే పెట్టడం, ఉంటే బయటికి తీసి, కూడి, మళ్లీ లోపల పెట్టడం, ఇదంతా జావా. నెట్ పోయి వచ్చినప్పుడు కేంద్రం వాళ్లు అదే పూట లెక్క రెండుసార్లు పంపితే ఒకటి తీసేయడం, ఇది పాలు. ఎస్‌ఎన్‌ఎఫ్ ఖాళీగా వస్తే ఆ లీటర్లకు ఏ రేటు కట్టాలో చూడటం, ఇదీ పాలే. వెనక్కి పంపేసిన క్యాన్ లీటర్లు మొత్తంలో కలవకుండా ఆపే ఆ ఒక్క ఇఫ్, అది ఏదో ఒక నెలలో ఎవరో రైతు ఫోన్ చేసి గొడవ పెట్టుకున్న తర్వాత వచ్చి చేరి ఉంటుంది.

ఇప్పుడు ఆ అబ్బాయి 6 లైన్లు పక్కన పెట్టుకుని, ‘పాలు’ అని రాసినవన్నీ అందులో ఉన్నాయా చూడండి. సగం కూడా ఉండవని నా అంచనా. అది అతని తప్పేం కాదు, అతనికి ఎవరూ చెప్పి ఉండరు, శుభ్రమైన ఎక్సెల్ షీట్ ఇస్తే ఎవరు రాసినా ఆరు లైన్లే అవుతుంది. డబ్బుని ఎలా కూడాడో కూడా చూడండి. పైథాన్‌లో మామూలు దశాంశ సంఖ్యలతో 0.1కి 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది, జావాలో డబుల్ వాడినా ఇదే కథ. మీరు దశాంశాల్ని తేడా రాకుండా లెక్కపెట్టే బిగ్‌డెసిమల్ వాడి ఉంటారు, మీ కోడ్ పొడుగు కావడానికి అదొక కారణం. పైథాన్‌లోనూ డెసిమల్ ఉంది, చెప్తే వాడతాడు.

సరే, ఇవన్నీ కలిపాక అతని 6 కాస్తా 15 అయిందనుకుందాం. అప్పుడూ మీది 60, అతనిది 15. ఈ తేడా మాత్రం నిజం. ‘పాలు’ అంతా కలిపినా మీ కాగితం మీద పదిహేనో ఇరవయ్యో లైన్లు ఉంటుంది, మిగతాదంతా జావాకి కట్టిన కప్పం. ఊరికే టైప్ చేస్తూ కూర్చున్నానా అని అడిగారు. కొంత అవును. ఆ రోజుల్లో వేరే దారి లేక అలా రాశారు, ఇప్పుడు ఉంది, అంతకంటే బాధపడాల్సింది లేదు.

ఆ దారి మొదట జావాలోనే ఉంది. మీ సర్వర్ మీద ఏ వెర్షన్ నడుస్తోంది? 2014లో వచ్చిన జావా 8 అయినా సరే, ‘ఉందా, లేకపోతే పెట్టు, ఉంటే తీసి కూడి పెట్టు’ అనే ఆ తతంగమంతా మ్యాప్‌లోని మెర్జ్ అనే ఒక్క పిలుపుతో పోతుంది, అది జావా 8లోనే వచ్చింది. 2018లో జావా 10తో, వేరియబుల్‌కి టైప్ రాయక్కర్లేని వర్ వచ్చింది, 2021లో జావా 16తో, డేటా క్లాస్‌ని ఒకటి రెండు లైన్లలో రాసే రికార్డ్‌లు స్థిరపడ్డాయి, 2023లో వచ్చిన జావా 21లో స్విచ్‌తో చేసే ప్యాటర్న్ మ్యాచింగ్ కూడా చేరింది. ఇవేవీ వాడకుండా 2010 నాటి జావా రాస్తూ ‘జావా పొడుగు’ అని వేరే భాషకి పోతే, అక్కడికెళ్లి కూడా 2010 నాటి జావానే రాస్తారు.

ఇప్పుడు అసలు కారణం. పొట్టి కోడ్ గొప్ప అంటే చాలామంది టైపింగ్ తగ్గడం అనుకుంటారు. టైపింగ్ ఎవడికి కావాలి, విలువ చదివే గెటర్లూ, మార్చే సెటర్లూ ఎడిటరే పుట్టించి ఇస్తుంది. తగ్గాల్సింది మర్చిపోవడానికి వీలున్న చోట్లు. మీ పాల లెక్క క్లాస్‌నే తీసుకోండి. కేంద్రం, రైతు కోడ్, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, వీటికి ఫీల్డులు, కన్‌స్ట్రక్టర్, గెటర్లు, ఈక్వల్స్ (రెండు లెక్కలు ఒకటేనా అని పోల్చేది), హ్యాష్‌కోడ్, టూస్ట్రింగ్ అన్నీ రాసేసరికి ఒక స్క్రీన్ దాటిపోతుంది. ఇన్నాళ్లూ ఆవు పాలే తీసుకున్న కేంద్రంలో ఎనుము పాలు కూడా మొదలుపెట్టారు. ఎవరో ‘పాల రకం’ అని కొత్త ఫీల్డు చేర్చి, గెటర్ రాసి, ఈక్వల్స్‌లో కలపడం మర్చిపోయారు. కంపైల్ అవుతుంది, టెస్టులు పాసవుతాయి. ఒక రైతు అదే ఉదయం ఆవు పాలు 4 లీటర్లు, ఎనుము పాలు 4 లీటర్లు పోశాడు, ఫ్యాట్ ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ ఆ మిషన్ ఖాళీగానే పంపింది. మీ ప్రోగ్రామ్‌కి రెండూ ఒకేలా కనపడ్డాయి, నకలు అనుకుని ఒకటి తీసేసింది. ఆయనకు 4 లీటర్ల డబ్బు పోయింది, ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. అదే క్లాస్ జావా రికార్డ్‌గానో కోట్లిన్ అనే భాషలో డేటా క్లాస్‌గానో ఉంటే మొత్తం ఒకటి రెండు లైన్లు, ఫీల్డు చేర్చగానే ఈక్వల్స్‌లో దానంతట అదే కలుస్తుంది. నేర్చుకోండి అన్నది ఇందుకు.

ఏది నేర్చుకోవాలి అంటే, మీ పరిస్థితిలో కోట్లిన్. పైథాన్ కాదా అంటే, పైథాన్ ఎలాగూ ఆ అబ్బాయికి వచ్చు, ఒకసారి వాడి పారేసే రిపోర్టులకీ, కేంద్రాలు పంపిన ఫైళ్లు సరిగ్గా ఉన్నాయా చూసుకోవడానికీ వారం రోజుల్లో మీకూ వచ్చేస్తుంది. కానీ 12 ఏళ్ల జావా కోడ్ పక్కన కూర్చోబెట్టాలంటే కోట్లిన్ సులువు. ఇంటెలిజే ఎడిటర్ చేసే జెట్‌బ్రెయిన్స్ వాళ్లదే ఆ భాష, 2011లో ప్రకటించారు, 2016లో 1.0 వచ్చింది, 2017లో గూగుల్ ఆండ్రాయిడ్‌కి దాన్ని అధికారికంగా తీసుకుంది, ఆ ఏడాదే, జావా సర్వర్ ప్రోగ్రామ్‌లకు వాడే స్ప్రింగ్ 5 కూడా. మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది: అది జావా నడిచే జేవీఎం మీదే నడుస్తుంది, ఒకే ప్రాజెక్టులో ఒక ఫైలు జావా, ఒక ఫైలు కోట్లిన్ ఉండొచ్చు, రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఉన్నదంతా పడగొట్టి మళ్లీ కట్టక్కర్లేదు.

మీ ఖాళీ ఎస్‌ఎన్‌ఎఫ్ సంగతి చూడండి. జావాలో ఆ విలువ నల్ (అంటే ఖాళీ) కావచ్చో కాదో క్లాస్ చూస్తే తెలియదు, మీకు గుర్తుండాలి. కోట్లిన్‌లో టైప్ పక్కన ప్రశ్న గుర్తు పెడితేనే అది ఖాళీగా ఉండొచ్చు, పెట్టాక మాత్రం ‘ఖాళీ అయితే ఏం చెయ్యాలి’ అన్నది మీరు చెప్పేదాకా కంపైలర్ ముందుకు పోనివ్వదు. నల్‌ని 1965లో తెచ్చిపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ గారే 2009లో అది తన బిలియన్ డాలర్ల పొరపాటు అని ఒప్పుకున్నారు, మనమెంత. అయితే ఒక మెలిక ఉంది. మీ పాత జావా మెథడ్ నుంచి వచ్చే విలువకు నల్ గురించి ఏ గుర్తూ లేకపోతే కోట్లిన్ దాన్ని అటూ ఇటూ కాకుండా వదిలేస్తుంది, తనిఖీ చేయదు. డేటాబేస్ నుంచి పాత కోడ్ తెచ్చిచ్చిన ఎస్‌ఎన్‌ఎఫ్ ఖాళీ అయితే ప్రోగ్రామ్ మునుపటిలాగే పడిపోతుంది. జావాకీ కోట్లిన్‌కీ మధ్య గడప దగ్గర మీరే టైప్ రాసి పెట్టుకోండి.

పొట్టి భాషలతో అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ వీడియోల్లో చెప్పరు. మీరు తిరుపతివాళ్లు కాబట్టి ఇలా చెప్తే పట్టుకుంటారు: అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. మెట్లు తక్కువే, కానీ నిట్టనిలువు, ఎక్కేవాడికి మోకాళ్లు ముందే చెప్తాయి. క్లుప్తమైన భాషలో లైన్లు తగ్గుతాయి, ఒక్కో లైన్‌లో ఎక్కే ఎత్తు పెరుగుతుంది. జే అని ఒక భాష ఉంది, ఏపీఎల్ అనే పాత భాషను సృష్టించిన కెన్నెత్ ఐవర్సన్, రోజర్ హుయి కలిసి 1990లో తెచ్చారు. అందులో సగటు తీయడానికి మొత్తం కోడ్ +/%# అంతే, నాలుగు గుర్తులు. అలవాటైనవాళ్లు దాన్ని చూపు ఆగకుండా చదివేస్తారు, మీ ఆఫీసులో మీరు సెలవు పెట్టిన రోజు దాన్ని చూసినవాళ్లు మాత్రం ప్రింటర్ పాడైందనుకుంటారు.

కోట్లిన్ అంత దూరం పోదు గానీ, డబ్బు లెక్కల్లో ఒక గుంట ఉంది, పాల బిల్లు కాబట్టి మీరే అందులో పడతారు. జావాలో బిగ్‌డెసిమల్‌ని భాగించాలంటే డివైడ్ అని పిలవాలి, 1000ని 3తో రౌండింగ్ ఎలాగో చెప్పకుండా భాగిస్తే అక్కడే ఎక్సెప్షన్ (ఎర్రర్) వేసి ఆగిపోతుంది. విసుగే, కానీ ఆ విసుగు మిమ్మల్ని ఆలోచింపజేస్తుంది. కోట్లిన్‌లో మామూలు భాగహారం గుర్తు పెట్టి రాసేయొచ్చు, ముచ్చటగా ఉంటుంది. కానీ అది లోపల ఏం చేస్తుందంటే, పైనున్న సంఖ్యకు దశాంశ స్థానాలు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంచి, సరిగ్గా మధ్యలో పడితే సరిసంఖ్య వైపు రౌండ్ చేస్తుంది. 1000 రూపాయల రవాణా ఖర్చుని మూడు కేంద్రాలకు పంచమంటే ఒక్కోదానికి 333 ఇచ్చి ఊరుకుంటుంది. 1000.00 అని ఉంటే 333.33 ఇస్తుంది. ఎక్సెప్షన్ లేదు, హెచ్చరిక లేదు. మీ 60 లైన్లలో ‘జావా’ అని కొట్టేసిన రౌండింగ్ లైన్ ఒకటి ఉంటే దాన్ని మళ్లీ ‘పాలు’ కిందకి మార్చండి. కూడికకీ గుణకారానికీ గుర్తులు వాడుకోండి, భాగహారానికి మాత్రం పాత పద్ధతిలో డివైడ్ అని రౌండింగ్‌తో సహా పొడుగ్గానే రాయండి, సిగ్గుపడక్కర్లేదు. ఇంకోటి, ఫ్యాట్ 4.5, 4.50 అని రెండు రకాలుగా వస్తే, రెండు సమాన గుర్తులతో పోల్చినప్పుడు అవి వేరని చెప్తుంది, జావా ఈక్వల్స్ లాగానే. డేటా క్లాస్ కూడా లోపల అదే వాడుతుంది, నకళ్లు పట్టుకునే చోట ముందే స్కేల్ (దశాంశ స్థానాల సంఖ్య) సమానం చేసుకోండి.

స్ప్రింగ్ వాడుతుంటే కోట్లిన్ క్లాసులు మామూలుగా ఫైనల్ (వాటి నుంచి ఇంకో క్లాస్ తీయనివ్వవు) అని గుర్తుంచుకోండి, దానికోసం ఉన్న కంపైలర్ ప్లగిన్ మొదట్లోనే పెట్టేయండి. డేటాబేస్ టేబుల్‌కి జతయ్యే ఎంటిటీలకు డేటా క్లాస్ వాడకండి. ఇంతకంటే ఇక్కడ చెప్పనక్కర్లేదు, తగిలినప్పుడు తెలుస్తుంది.

క్లోజర్, స్కాలా అనే భాషల గురించి కూడా ఎవరైనా చెప్పే ఉంటారు. రెండూ జేవీఎం మీదే నడుస్తాయి, రెండూ మంచివే. రిచ్ హికీ 2007లో బయటపెట్టిన క్లోజర్‌ని ఆదివారాలు సరదాకి చూడండి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి అందులో ఫ్రీక్వెన్సీస్ అని రెడీమేడ్‌గా ఒకటే మాట ఉంది, లూప్ లేకుండా ఆలోచించడం అక్కడ బాగా అబ్బుతుంది. ఆఫీసు కోడ్‌లో మాత్రం మీ ఒక్కరికే వచ్చిన భాష పెట్టకండి.

ఎలా మొదలుపెట్టాలి? ఫోన్‌లో ట్యుటోరియల్ వీడియోలు చూడటం ముందు ఆపండి. చిత్తూరు బస్సులో కూర్చుని చూస్తే చంద్రగిరి వచ్చేసరికి అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఇంటికొచ్చి కీబోర్డ్ ముందు కూర్చుంటే చేతికి ఒక్కటీ రాదు. 12 ఏళ్లు రాసినవాళ్లకు వేరియబుల్ అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. మీకు కంఠతా వచ్చిన కోడే తీసుకోండి, అంటే ఆ 60 లైన్లే. దాన్ని ఇంటెలిజేలో జావా నుంచి కోట్లిన్‌కి మార్పించి చూడండి, ఒక్క క్లిక్కుతో అయిపోతుంది, చూస్తే బట్టలు మార్చుకున్న జావా లాగా ఉంటుంది, అక్కడక్కడా రెండేసి ఆశ్చర్యార్థకాలు కూడా కనపడొచ్చు. అవి ఉన్న ప్రతి చోటా ‘ఇది ఖాళీ కాదని నాది పూచీ’ అని సంతకం పెట్టినట్టే, కాబట్టి ఒక్కోదాన్నీ తీసేయండి. తర్వాత దాన్ని మూసేసి, ఖాళీ ఫైలు తెరిచి, ‘పాలు’ అని రాసిన లైన్లను మాత్రమే ముందు పెట్టుకుని మొదటి నుంచి మీరే రాయండి. రైతు కోడ్ ప్రకారం గుంపులు చెయ్యి, ఒక్కో గుంపులో లీటర్లు కూడు, వెనక్కి పంపినవి వదిలెయ్యి, ఇలా నోటితో ఎలా చెప్తారో అదే వరస కోడ్‌లో వచ్చిందంటే దారిలో పడ్డట్టే.

కాస్త చెయ్యి తిరిగాక ఒక పిచ్చి పడుతుంది, అందరికీ పడుతుంది, ప్రతిదీ ఒకే లైన్‌లో ఇరికించాలని. లెట్, రన్, అప్లై, ఆల్సో అని చిన్న చిన్న మాటలుంటాయి కోట్లిన్‌లో, వాటిని ఒకదాంట్లో ఒకటి దూర్చి రాస్తే, లోపల ‘ఇట్’ అన్న మాట ఏ ‘ఇట్’ గురించో రాసినవాళ్లకే రెండు రోజుల తర్వాత తెలియదు. అలా రాశాక మధ్యలో తెంపండి, తెంపిన ముక్కకు పేరు పెట్టండి. పేర్లు మాత్రం కుదించకండి. లైన్లు తగ్గడానికి రైతుకోడ్‌ని ‘ఆర్’ అని రాయడం క్లుప్తత కాదు, పిసినారితనం.

ఆఫీసు కోడ్‌లో మొదట టెస్టుల్లో పెట్టండి, అక్కడ తప్పు జరిగినా ఏ రైతు డబ్బూ పోదు. పైగా లాభం ఎక్కువ కనపడేదీ అక్కడే. టెస్టుకి ఒక మామూలు పాల లెక్క తయారు చేసుకుని, దాన్నే కాపీ చేస్తూ ఫ్యాట్ ఒక్కటి మార్చినది, ఎస్‌ఎన్‌ఎఫ్ ఖాళీ చేసినది, పాల రకం మార్చినది, ఒక్కోటి ఒక్కో లైన్‌లో వస్తుంది. జావాలో బద్ధకించి రాయని టెస్టులు ఇక్కడ రాస్తారు.

ఏఐ సంగతి అడిగారు. రాస్తుంది, 60 లైన్లూ రాస్తుంది, 6 లైన్లూ రాస్తుంది, అడిగితే రెండూ పక్కపక్కన పెడుతుంది. అది రాసిన దాంట్లో ఆ భాగహారం గుర్తు చూసి ఆగాల్సింది మాత్రం మీరు. ఆగాలంటే ఆ భాష మీకు కాస్త రావాలి, అంతకన్నా పాల లెక్క రావాలి, రెండోది మీకు ఎలాగూ ఉంది. ఇక ఏఐ మీద ఇంతకుమించి వాదన పెట్టుకోను.

ఇదంతా ఆ అబ్బాయితో కలిసి చేయండి. జూనియర్‌ని అడగాలంటే నామోషీ అనిపిస్తుంది, తెలుసు, కానీ అతన్ని అడగక్కర్లేదు, అతనికి పని ఇవ్వండి. ఎర్ర పెన్నుతో రాసిన ఆ ప్రింట్ అతని చేతికిచ్చి, ‘పాలు’ అని ఉన్న ప్రతి లైన్‌కీ ఒక టెస్ట్ రాయమనండి, ఎందుకో అడిగితే ఆ రైతు ఫోన్ కథ చెప్పండి. అతని పైథాన్, మీ కోట్లిన్, పాత జావా, మూడూ ఒకే నెల డేటా మీద నడిపి, రైతువారీ మొత్తాల్లో తేడా వచ్చిన కోడ్‌లు మాత్రం లిస్టు తీయండి. ఆ లిస్టు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చుంటే ఎవరిది పొట్టి, ఎవరిది పొడుగు అన్న గొడవ దానంతట అదే పక్కకి పోతుంది, పాత జావాలోనే ఒకటో రెండో తప్పులు బయటపడినా నేను ఆశ్చర్యపోను. అసలు బిల్లు మాత్రం పాత జావాతోనే వెళ్లనివ్వండి, వరసగా కొన్ని బిల్లులకు మీ కోట్లిన్ లిస్టు ఖాళీగా వచ్చేదాకా. బిల్లు వేసే వారంలో కొత్త కోడ్‌ని సర్వర్ దగ్గరికి కూడా రానివ్వకండి.